లాప్‌టాపు: దాని శక్తి, దాని రక్షణ

పలక, బలపము, పుస్తకము ఒకప్పటి విద్యార్థి సంపద. నేడు వాని సరసన లాప్‌టాపు అను యంత్రము చేరినది. కొన్ని ఇండ్లకు ఇది కొనుగోలు వలన వచ్చినది. కొన్ని ఇండ్లకు బహుమానముగా వచ్చినది. ఒడిశా ప్రభుత్వము 2013వ సంవత్సరమున ప్రారంభించిన బిజూ యువ సశక్తీకరణ యోజన క్రింద, ప్లస్ టూ పరీక్షలో ప్రతిభ చూపిన విద్యార్థులకు లాప్‌టాపులు ఉచితముగా పంచిపెట్టబడినవి. అన్న చదివిన యంత్రమును తమ్ముడును, అక్క వాడిన దానిని చెల్లెలును వాడుకొనుట మన ఇండ్లలో సామాన్యము.

కుందుర, జయపురము, రాయగడ ప్రాంతముల తెలుగు పిల్లలకు ఈ యంత్రము వలన మరియొక ప్రయోజనము గలదు. ఇచ్చటి అంగళ్ళలో తెలుగు పుస్తకములు విరివిగా దొరకవు. లాప్‌టాపున్న యెడల తెలుగు వికీపీడియా, తెలుగు వికీసోర్సు మొదలగు నిలయములు ఇంటిలోనే తెరచుకొనును. ఉపకార వేతనముల దరఖాస్తులు, పరీక్షా ఫలితములు, ధ్రువపత్రముల నకళ్ళు అన్నియు దీనియందే ఉండును. ఇంతటి దానిని మనము ఏ విధముగా పోషించుచున్నాము? ఏ విధముగా కాపాడుచున్నాము? ఈ రెండు విషయములను ఇచ్చట వివరింపబూనినాము.

సెట్టింగు అనగానేమి?

లాప్‌టాపులో సెట్టింగ్స్ అను ఒక విభాగము గలదు. అది చాలమందికి అక్కరలేని చోటుగా తోచును. నిజమునకు సెట్టింగు అనగా యంత్రము అడుగు ప్రశ్నకు యజమాని చెప్పు సమాధానము. తెర ఎంతసేపటికి ఆరిపోవలెను? మూత మూసినప్పుడు ఏమి చేయవలెను? ఎవరు వచ్చినను తలుపు తీయవలెనా, గుర్తు అడుగవలెనా? ఈ ప్రశ్నలకు మనము సమాధానము చెప్పనిచో, యంత్రమును చేసినవారు ముందుగా వ్రాసిపెట్టిన సమాధానమే చెల్లును. అది ఎచ్చటనో, ఎవరికొరకో వ్రాసిన సమాధానము. మన ఇంటికి అది సరిపడవచ్చును, సరిపడకపోవచ్చును.

మన పిల్లలకు ఇందులో ఒక చిక్కు గలదు. యంత్రము తరచుగా ఆంగ్లములో ప్రశ్నించును. తెలుగు మాధ్యమమున చదువు బాలుడు ఆ ప్రశ్న అర్థము గాక, తెరమీది అడ్డము తొలగిన చాలునని ‘ఎస్’ అను గడిని నొక్కివేయును. తల్లిదండ్రులారా, చదువని కాగితముపై వేలిముద్ర వేసి పొలములు పోగొట్టుకొనినవారి కథలు మీరెరుగనివి కావు. అర్థము గాని ప్రశ్నకు ‘ఔను’ అనుట అట్టి వేలిముద్రయే. కావున మొదటి పని, యంత్రము మాటాడు భాషను తెలిసికొనుట. విండోస్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ అను చోట తెలుగును ఎంచుకొనవచ్చును. కొన్ని మాటలు ఆంగ్లముననే మిగిలినను, పెక్కు మాటలు తెలుగున కనబడును. ఒకే భాషకు అనుమతి గల యంత్రములలో ఈ మార్పు సాధ్యపడదు. అట్టి యెడల క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లనైనను తెలుగులోనికి మార్చుకొనవలెను. అప్పటికిని అర్థము గానిది ఎదురైనచో దేనిని నొక్కక, పెద్దలనుగాని ఉపాధ్యాయులనుగాని అడుగవలెను.

కరెంటు మన చేతిలో లేనప్పుడు

విద్యుత్తు మన జిల్లాకు కొత్త గాదు. డుడుమ జలపాతము చెంత ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సంపదగా నెలకొన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955లో ప్రారంభమైనది. ఐనను కొండలు, అడవుల మీదుగా వచ్చు తీగెలకు గాలివాన ఎప్పుడును శత్రువే. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపాను మన కొండ జిల్లాలవరకు వచ్చి తమ బలము చూపినవి. తుపాను లేని దినములలోను, ఒక చెట్టుకొమ్మ విరిగిన చాలును, ఊరు చీకటి యగును.

దరఖాస్తునకు గడువు ఆ రాత్రితో ముగియునని అనుకొనుడు. సాయంకాలము కరెంటు పోయినది. బ్యాటరీ ఆరోగ్యముగా నున్న ఇంటి పిల్ల, ఫోను ద్వారా ఇంటర్నెట్టు కలుపుకొని, దరఖాస్తును పంపివేసి నిద్రపోవును. బ్యాటరీ పాడైన ఇంటి పిల్ల దీపము ముందు కూర్చుండి కరెంటుకై ఎదురుచూచును. ఇద్దరి తెలివియు ఒకటే. యంత్రమును పోషించుటయందే భేదము.

బ్యాటరీ లోపల జరుగునది

లాప్‌టాపులలో నేడు వాడుచున్నది లిథియం అయాన్ బ్యాటరీ. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్, 1980లో జాన్ గుడినఫ్, 1985లో అకిరా యోషినో అను శాస్త్రజ్ఞులు దీనికి మెట్టు వెంబడి మెట్టు కట్టిరి. 1991లో సోనీ సంస్థ దీనిని అంగడికి తెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇందులో రెండు పలకలును, వాని నడుమ ఒక ద్రవమును ఉండును. ఛార్జి ఎక్కించునప్పుడు లిథియం అయాన్లు ఒక పలకనుండి రెండవ పలకకు పోయి చేరును. మనము యంత్రమును వాడునప్పుడు అవి మరల వెనుకకు వచ్చును. ఈ రాకపోకలలో ప్రతిసారి కొంచెము లిథియము దారిలో చిక్కుపడి మరల పనికిరాకుండ పోవును. కనుకనే ఏ బ్యాటరీయు శాశ్వతము గాదు. నూరు శాతము శక్తిని వాడి, మరల నింపుట ఒక ఆవృత్తి. నేడు సగము, రేపు సగము వాడిన రెండు దినములకు ఒక ఆవృత్తి యగును. సాధారణముగా లాప్‌టాపు బ్యాటరీలు 300 మొదలు 1000 ఆవృత్తుల వరకు చక్కగా పనిచేయును. ఆపైని వాని పట్టు తగ్గును.

బ్యాటరీకి శత్రువులు ముఖ్యముగా మూడు: వేడి, ఎల్లప్పుడును నిండుగా నుండుట, పూర్తిగా ఎండిపోవుట. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీని 25 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరము ఊరక ఉంచినచో దాని పట్టు సుమారు 80 శాతమునకు దిగును. అదే 40 డిగ్రీల వేడిలో నున్న, సుమారు 65 శాతమునకు దిగును. 40 శాతము మాత్రమే నింపి 25 డిగ్రీలలో ఉంచినది 96 శాతము నిలుపుకొనును. ఈ అంకెలను చూచిన పిదప రాయగడ ఎండలలో రేకుల కప్పు క్రింద, రాత్రింబవళ్ళు ఛార్జరు తగిలించి యుంచిన యంత్రము గతి ఏమగునో ఊహింపవచ్చును.

పాతకాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీలను అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి నింపవలెనని చెప్పెడివారు. ఆ మాట నేటికిని కొందరి నోట వినబడుచున్నది. లిథియం బ్యాటరీకి అది వర్తింపదు. దానిని తరచుగా సున్నకు దింపుట హాని.

పోషణ విధానము

బ్యాటరీ నిలువ 20 శాతమునకు మించి దిగకుండను, వీలైనంతవరకు 80 శాతము దాటకుండను చూచుకొనుట మేలు. పెక్కు సంస్థల లాప్‌టాపులలో 80 శాతము వద్ద ఛార్జి ఆగునట్టి సెట్టింగు గలదు. ఎక్కువ కాలము గోడ తీగెకు తగిలించి వాడువారు దీనిని తప్పక పెట్టుకొనవలెను. గాలివాన హెచ్చరిక విన్న దినమున మాత్రము ఆ పరిమితి తీసివేసి, నూటికి నూరు నింపుకొనుట వివేకము. సెలవులలో యంత్రమును పెట్టెలో పెట్టి ఊరికి పోవునప్పుడు సగము ఛార్జితో ఉంచి, పూర్తిగా ఆపివేసి పోవలెను.

లాప్‌టాపును పరుపుమీద, దుప్పటిమీద పెట్టి వాడరాదు. అడుగునను ప్రక్కలను ఉన్న రంధ్రములు గాలి పోవు మార్గములు. అవి మూసికొన్న వేడి లోపలనే నిలిచిపోవును. చెక్కబల్లయో, పీటయో, గట్టి అట్టయో క్రింద నుంచిన చాలును. ఛార్జరు చెడిన యెడల చవుకయని ఏదో ఒకటి తగిలింపక, పాతదానిమీద వ్రాసిన వోల్టులకు సరిపోవునదియు, ఆంపియర్లు తక్కువ గానిదియు కొనవలెను.

ఉరుములు వినబడగానే ఛార్జరును గోడనుండి ఊడదీయవలెను. పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వము 2015లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించినది. పిడుగు ఇంటిమీద పడనక్కరలేదు. దూరమున తీగెమీద పడినను, ఆ తాకిడి తీగెవెంట వచ్చి యంత్రమును కాల్చివేయగలదు. స్విచ్చి ఆపిన చాలదు, ప్లగ్గును తీయవలెను. ఉరుములు దగ్గరపడిన పిదప తీగెలను ముట్టుకొనక దూరముగా నుండుటయే క్షేమము.

టచ్‌ప్యాడు పైకి ఉబికినను, మూత సరిగా పడకపోయినను, బ్యాటరీ ఉబ్బినదని గ్రహింపవలెను. అట్టి యంత్రమును వెంటనే ఆపి, ఛార్జి చేయుట మానవలెను. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చరాదు, నొక్కరాదు, ఎండలో పెట్టరాదు. అగ్ని ప్రమాదము కలుగును. 2006 ఆగస్టులో డెల్ సంస్థ, నిప్పంటుకొను ప్రమాదము గలదని తెలిసి, 41 లక్షల లాప్‌టాపు బ్యాటరీలను వెనుకకు పిలిపించినది. అంత పెద్ద సంస్థయే భయపడిన విషయమును మనము తేలికగా తీసికొనరాదు. పాత బ్యాటరీని చెత్తకుప్పలో పారవేయక, అమ్మకపుదారునకు గాని, సంస్థ మరమ్మతు కేంద్రమునకు గాని అప్పగింపవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు వానిని తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినవి.

శక్తి పొదుపు – ఒక చిన్న లెక్క

విద్యార్థులారా, ఈ లెక్క చేయుడు. బ్యాటరీ పరిమాణము 50 వాట్ గంటలు. యంత్రము 10 వాట్లు వాడుచున్నచో ఎన్ని గంటలు వచ్చును? 5 గంటలు. తెర వెలుతురు పూర్తిగా పెంచి, వీడియో చూచుచు, 20 వాట్లు వాడిన? రెండున్నర గంటలు. బ్యాటరీ మారలేదు, మన నడవడి మారినది. కుండలోని నీరు ఒకటే. కొందరు గ్లాసుతో త్రాగుదురు, కొందరు చెంబుతో గ్రుమ్మరింతురు.

అధికముగా శక్తిని తినునది తెర. వెలుతురును కంటికి తగినంత తగ్గించుకొనుట మొదటి పొదుపు. వాడని బ్లూటూత్‌ను ఆపుట, తెరచియున్న పది కిటికీలలో అక్కరలేని ఎనిమిదింటిని మూయుట, పని లేని పెన్‌డ్రైవును తీసివేయుట తరువాతివి. బ్యాటరీ సేవర్ అను సెట్టింగు, నిలువ 20 లేదా 30 శాతమునకు దిగగానే, తెరచాటున జరుగు పనులను తానే తగ్గించును. కొత్త విండోస్‌లో దీనికి ఎనర్జీ సేవర్ అని పేరు.

స్లీప్, హైబర్నేట్ అను రెండు మాటల భేదమును తెలిసికొనవలెను. స్లీప్ కునుకు వంటిది. చేయుచున్న పనిని జ్ఞాపకమున ఉంచుకొనుటకై యంత్రము కొంచెము శక్తిని వాడుచునే యుండును. హైబర్నేట్ గాఢనిద్ర వంటిది. పనినంతయు డిస్కులో వ్రాసిపెట్టి శక్తి వాడుట మానివేయును. భోజనమునకు పోవునప్పుడు మొదటిది, బడికి పోవునప్పుడు రెండవది తగును.

తలుపునకు గడియ

ఇక రక్షణ. లాప్‌టాపులో ఆధారు నకలు, కులధ్రువపత్రము, తల్లి బ్యాంకు ఖాతా వివరములు, కుటుంబపు ఛాయాచిత్రములు ఉండును. ఇంటికి గడియ వేసి పోవువారు దీనిని బార్లా తెరచి పెట్టుట ఎట్లు తగును?

మొదటిది సంకేతపదము, అనగా పాస్‌వర్డు. పేరు, ఊరు, పుట్టిన తేదీ పనికిరావు; అవి ఊరిలో అందరికిని తెలియును. ఒకదానితో ఒకటి సంబంధము లేని నాలుగు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో కలిపి వ్రాసిన, గుర్తుంచుకొనుట సులభము, ఊహించుట కష్టము. మెయిలునకును, బ్యాంకునకును, యంత్రమునకును ఒకే పదము వాడరాదు.

రెండవది వేరువేరు ఖాతాలు. యంత్రముపై సర్వాధికారము గల అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇంటి పెద్ద చేతిలో ఉండవలెను. పిల్లలకు స్టాండర్డ్ ఖాతాలు చాలును. ఇందువలన పిల్లవాడు తెలియక ‘ఎస్’ నొక్కినను, యంత్రము మార్పులకు పూర్వము పెద్దల పాస్‌వర్డు అడిగి ఆగును. పైని చెప్పిన వేలిముద్ర ప్రమాదమునకు ఇది మంచి అడ్డుకట్ట.

మూడవది అప్‌డేట్లు. దీని విలువను 2017 మే 12న లోకమంతయు చూచినది. ఆ దినమున వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము బయలుదేరి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళము వేసి, తెరచుటకు 300 డాలర్లు అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రులు చిక్కున పడినవి. ఆంధ్రప్రదేశములో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ఆ దుష్ట ప్రోగ్రాము దూరిన కంతను పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, అనగా ఆ సంవత్సరము మార్చిలోనే, ఉచితముగా విడుదల చేసియుండెను. దానిని వేసికొనిన యంత్రములలో ఆ కంత పూడిపోయినది. వాయిదా వేసినవారు నష్టపడిరి.

మరియొక సంగతి. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత లాప్‌టాపులు గలవారు అది విండోస్ 11నకు తగునేమో సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ అను చోట చూచుకొనవలెను. తగని యెడల ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వ్యవస్థను తెలిసినవారి సాయముతో వేయించుకొనవచ్చును.

నాల్గవది పెన్‌డ్రైవు. జిరాక్సు అంగడిలో ముద్రణ చేయించుకొని వచ్చిన పెన్‌డ్రైవు, పదిమంది రోగులు పడుకొనిన పక్కవంటిది. దానిని తగిలించగానే తెరవక, మొదట విండోస్ సెక్యూరిటీతో పరీక్షింపవలెను. ఇది విండోస్‌తో ఉచితముగా వచ్చును. ‘నీ యంత్రమునకు వైరసు పట్టినది, ఈ నంబరునకు ఫోను చేయుము’ అని బ్రౌజరులో కనబడు బెదిరింపులు మోసములు. వానికి జవాబీయక బ్రౌజరును మూసివేయవలెను. ఎవరైనను మోసపోయి సొమ్ము పోగొట్టుకొనినచో, సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, సొమ్మును మధ్యలో ఆపుటకు అంత అవకాశము గలదు.

ఐదవది నకళ్ళు. ముఖ్యమైన ఫైళ్ళకు మరియొక ప్రతి వేరొక పెన్‌డ్రైవులో ఉండవలెను. డిజీలాకరులో దొరకు ధ్రువపత్రములను అందు భద్రపరచుకొనవలెను. డిస్కునంతటిని రహస్యలిపిలోనికి మార్చు బిట్‌లాకర్ సెట్టింగు ఉన్న యంత్రము దొంగల పాలైనను, అందలి విషయములు వారి కంట బడవు. అయితే దానికి 48 అంకెల తాళపు సంఖ్య యొకటి గలదు. అది పోయిన మనకును తలుపు తెరచుకొనదు. దానిని కాగితముపై వ్రాసి, రేషను కార్డు ఉంచు చోటనే ఉంచవలెను.

ఒక సెట్టింగు, రెండు ఫలములు

పొదుపు, రక్షణ అను రెండును వేరువేరని తోచును గాని, ఒక చోట కలిసికొనును. ఐదు నిమిషములు ఎవరును ముట్టనిచో తెర ఆరిపోవునట్లును, మరల మేల్కొనినప్పుడు పాస్‌వర్డు అడుగునట్లును పెట్టుకొనిన, శక్తియు మిగులును, తలుపును మూసికొనును. మధ్యలో లేచి పోవునప్పుడు విండోస్ మీటతో ఎల్ అను అక్షరమును కలిపి నొక్కిన వెంటనే తాళము పడును.

రెండును విరోధించు చోటు కూడ ఒకటి గలదు. బ్యాటరీ సేవరును ఎల్లవేళల ఉంచినచో తెరచాటు పనులతోపాటు అప్‌డేట్లును వాయిదా పడవచ్చును. పొదుపు చేయుచున్నామను తృప్తిలో కంతలు పూడ్చుట మానివేయుదుము. కావున వారమునకు ఒకమారు, కరెంటు నిలుకడగా నున్న వేళ, ఛార్జరు తగిలించి, సేవరు ఆపి, అప్‌డేట్లు ముగియువరకు యంత్రమును కదలనీయక ఉంచవలెను.

తల్లిదండ్రులకు విన్నపము

ఈ విషయములు పిల్లల పనియని తల్లిదండ్రులు తప్పుకొనరాదు. ఎద్దునకు మేత ఎంతయో, గాదెకు తాళమెక్కడో మీకు తెలిసినట్లే, ఇంటిలోని ఈ యంత్రమునకు ఛార్జి ఎంత, తాళపు సంఖ్య ఎక్కడ అను రెండు సంగతులు తెలిసియుండవలెను. ఆదివారమునాడు అరగంట పిల్లల ప్రక్కన కూర్చుండి సెట్టింగ్స్ తెరపించుడు. ఒక్కొక్క ప్రశ్నను తెలుగులో చెప్పుమని అడుగుడు. పిల్లవాడు చెప్పగలిగిన, వానికి ఆ ప్రశ్న అర్థమైనట్లు. చెప్పలేకపోయిన, దానిని కాగితముపై వ్రాయించి బడికి పంపుడు. మేము చూచి చెప్పెదము.

వీనిలో దేనికిని సొమ్ము అక్కరలేదు. కావలసినవి ఓపిక, అలవాటు. చదివి ‘ఔను’ అనుట, చదివి ‘కాదు’ అనుట నేర్చిన పిల్లవాడు యంత్రము ముందు మాత్రమే కాదు, రేపు బ్యాంకులోను, కచేరీలోను తన వ్రేలును ఎక్కడ పడిన అక్కడ ఆనింపడు.